నకిలీ వీడియోలను గుర్తించడం నేర్పాను. ఇప్పుడు మా లంకలో అసలైన వరద హెచ్చరికనూ నమ్మడం లేదు

ప్రశ్న: లంక మాస్టారు

అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. కోనసీమలో గోదావరి పాయ అయిన వైనతేయ ఒడ్డున ఉన్న మా లంకకు రాకపోకలన్నీ ఒక్క కాజ్‌వే మీదనే సాగుతాయి. గోదావరి పెరిగితే అది మునిగిపోతుంది, ఆ తర్వాత పంటో నావో తప్ప మాకు మరో ఆధారం ఉండదు. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం, నా ప్రశ్న అక్కడి నుంచే పుట్టింది.

మొన్నటి వరదల కాలంలో ఒక అర్ధరాత్రి మా ఊరి వాట్సాప్ గ్రూపులోకి ధవళేశ్వరం బ్యారేజి తెగిపోయిందంటూ ఒక వీడియో వచ్చింది. గేట్లు విరిగి పడుతున్నాయి, నీళ్లు తాటిచెట్టంత ఎత్తున లేస్తున్నాయి, వెనుక నుంచి ఎవరో ఆడమనిషి కేకలు కూడా వినిపిస్తున్నాయి. జనం చంటిపిల్లల్ని చంకనేసుకుని ఏటిగట్టు మీదికి పరుగు తీశారు. అది కృత్రిమ మేధతో చేసినదని నాకు చూడగానే తెలిసింది. అందులోని కట్టడం రెండు కొండల నడుమ నిలువెత్తు గోడలాగా, శ్రీశైలం డ్యాము మాదిరిగా ఉంది. మన బ్యారేజి పిచ్చుకలంక వంటి లంకలు మధ్యలో అడ్డుపడటంతో నాలుగు భాగాలుగా చీలి, 175 గేట్లతో, మూడున్నర కిలోమీటర్ల పొడవున పొట్టిగా పడుకుని ఉంటుంది. దాని చుట్టుపక్కల అలాంటి కొండలూ లేవు. రాజమహేంద్రవరం ఆసుపత్రికనో, పుష్కరాలకనో దాని మీదుగా ఎన్నోసార్లు వెళ్లివచ్చినవారే ఆ రాత్రి ఆ వీడియోను నమ్మారు.

దాంతో మా శాఖా గ్రంథాలయంలో నాలుగు ఆదివారాలు తరగతులు పెట్టాను. నకిలీ వీడియోలో కళ్లు సరిగా ఆర్పరనీ, చేతివేళ్లు ఆరో ఏడో ఉంటాయనీ, పెదవుల కదలికకూ మాటకూ పొంతన కుదరదనీ, చెవి దుద్దులు ఒక చెవికీ మరో చెవికీ తేడాగా ఉంటాయనీ ఇంటర్నెట్‌లో దొరికిన లక్షణాలన్నీ బల్ల మీద రాసి చెప్పాను. కుర్రాళ్లు ఉత్సాహంగా రాసుకున్నారు. నేనూ నా పని బాగానే జరిగిందనుకున్నాను.

మళ్లీ వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 13.75 అడుగులు దాటి రెండో ప్రమాద హెచ్చరిక అమల్లోకి వచ్చాక, సాయంత్రంలోగా లంకలు ఖాళీ చేసి పునరావాస కేంద్రానికి రావాలని ఒక అధికారి మాట్లాడిన వీడియో గ్రూపులోకి వచ్చింది. అది అసలైనదే. కానీ ఆయన ఏదో కాజ్‌వే పక్కన నిలబడి మాట్లాడారు, సిగ్నలు అంతంతమాత్రం, మాట ఒకచోట, పెదవి ఒకచోట పడ్డాయి. నా తరగతికి ఒక్క వారం కూడా తప్పకుండా వచ్చిన కుర్రాడు వెంటనే గ్రూపులో, "పెదవులు చూడండి, మాస్టారు చెప్పినట్టే ఉంది, ఇది ఏఐ" అని రాశాడు. ఇరవైకి పైగా కుటుంబాలు ఆ మాట విని కదల్లేదు. చీకటి పడ్డాక, కాజ్‌వే మీద నడుములోతు నీరు పారుతుండగా, వారిని నావల మీద దాటించవలసి వచ్చింది. ప్రాణనష్టం జరగలేదు గాని, మా వీధి చివరి ఇంటివారి గేదెదూడ కొట్టుకుపోయింది. ఆ ఇంటి పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. ఏమైనా అని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఇప్పుడు ఏ వీడియో వచ్చినా, "ఏవండీ మాస్టారూ, ఇది కూడా ఏఐ యేనాండీ?" అని అడుగుతున్నారు, అడగనివారు అలా తేల్చేసుకుంటున్నారు. అబద్ధాన్ని అనుమానించడం నేర్పబోయి నిజం మీద కూడా నమ్మకం పోగొట్టానేమోనన్న దిగులు పట్టుకుంది. తరగతులు ఆపివేయమని మా ఇంట్లోవారి సలహా. ఆపడం ఇష్టం లేదు, ఇదివరకటిలా చెప్పడం అంతకంటే ఇష్టం లేదు. ఈ పని చేసినవారెవరైనా ఉంటే, ఏం చూపించాలో, ఏం చెప్పకూడదో దయచేసి రాయండి. నా శ్రోతల్లో సగం మంది చదువురానివారనీ, నా వయసువారనీ గుర్తుంచుకోండి.

జవాబు: పాలకొల్లు స్టూడియో

మాస్టారికి నమస్కారం. నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి బతికేవాణ్ణి. ముందుగా ఒక మాట చెప్పాలి. ఆ కుర్రాడి తప్పు లేదండీ, మీరు చెప్పిన పాఠాన్ని అతడు ఉన్నదున్నట్టు అప్పజెప్పాడు. తేడా పాఠంలోనే ఉంది.

కళ్లు ఆర్పరన్న మాటనే తీసుకోండి. 2018లో అమెరికాలోని ఆల్బనీ విశ్వవిద్యాలయ పరిశోధకులు అది గమనించిన మాట నిజమే. అప్పట్లో ఈ సాఫ్ట్‌వేర్లకు నేర్పడానికి వాడిన ఫొటోలలో అందరూ కళ్లు తెరిచే ఉండేవారు. కళ్లు మూసుకున్న ఫొటోను ఎవరు దాచుకుంటారు, ఎవరు ఇంటర్నెట్‌లో పెడతారు? అందువల్ల ఆ యంత్రానికి రెప్ప వేయడం అనేది ఒకటుందనే తెలియలేదు. ఆ సంగతి బయటపడిన కొద్ది కాలానికే తయారీదారులు దాన్ని సరిచేసుకున్నారు. ఆరు వేళ్ల కథా అంతే, ఇప్పుడు వేళ్లు లెక్క ప్రకారమే వస్తున్నాయి. 2025 మే నెలలో గూగుల్ విడుదల చేసిన వియో 3 అనే సాధనం దృశ్యంతోపాటే మాటనూ, చుట్టుపక్కల చప్పుళ్లనూ కలిపి పుట్టిస్తోంది. మీ వీడియోలో వినిపించిన ఆడమనిషి కేకలు అటువంటివే కావచ్చు. అదే ఏడాది సెప్టెంబరు చివర్లో వచ్చిన సోరా 2 అనే మరో సాధనం తన వీడియోల మీద గుర్తు ముద్ర వేసి ఇచ్చేది గాని, ఆ ముద్రను చెరిపేసే పరికరాలు రోజుల వ్యవధిలోనే పుట్టుకొచ్చాయి. మనం ఈ ఏడాది బల్ల మీద రాసిన లక్షణం వచ్చే ఏడాదికి పాతబడిపోతుంది, కానీ దాన్ని నేర్చుకున్నవాడి ధీమా మాత్రం అలాగే ఉండిపోతుంది.

రెండో సంగతి, అసలు వీడియోలు కూడా అలాగే కనిపిస్తాయి. వాట్సాప్‌లో పంపినప్పుడు ఫైలును కుదించడం వల్ల చర్మం మైనంలాగా నున్నబడుతుంది, జుట్టు అంచులు కలిసిపోతాయి. సిగ్నలు బాగోకపోతే పెదవీ మాటా విడిపోతాయి. ఆ అధికారి వీడియో విషయంలో జరిగింది ఇదే. పైగా మేమే పెళ్లి వీడియోల్లో ముహూర్తం వేళకు కమ్ముకున్న మబ్బుల్ని తీసేసి నీలాకాశం పెడతాం, పెళ్లికూతురి ముఖం మీది మొటిమను తుడిచేస్తాం. అది ఎడిట్ చేసిన వీడియోనే. అయినా ఆ పెళ్లి జరగలేదని ఎవరూ అనరు కదా. "ఇది ఎడిట్ చేసిందా" అన్న ప్రశ్నకు అవునన్న జవాబు దొరికినంత మాత్రాన "ఇది అబద్ధమా" అన్నది తేలదని మీ తరగతిలో గట్టిగా చెప్పాలి.

నకిలీలు ఎలా తయారవుతాయో చెప్పడం మాత్రం మానకండి, అది కొంత భ్రమను వదిలిస్తుంది. స్థూలంగా మూడు దారులున్నాయి. ఒకరి శరీరం మీద మరొకరి ముఖాన్ని అతికించడం ఒకటి. అసలు మనిషి అసలు వీడియోనే తీసుకుని, నోటి చుట్టూ ఉన్న భాగాన్ని మాత్రం కొత్త మాటలకు సరిపోయేలా తిరిగి గీయడం రెండోది. పెట్టుబడి పథకాల ప్రకటనల్లో వచ్చేవి చాలావరకు ఇవే, ఎందుకంటే మనిషీ గదీ చొక్కా అన్నీ అసలైనవే కాబట్టి అనుమానం తక్కువ. ఏమీ లేనిచోట నుంచి, నాలుగు వాక్యాలు రాసి మొత్తం దృశ్యాన్ని పుట్టించడం మూడోది. అయితే నా వృత్తిలో చూసినంతవరకు మన గ్రూపుల్లో తిరిగే అబద్ధాల్లో ఎక్కువ వాటికి ఈ మూడూ అక్కర్లేదు. 1986 వరదల ఫొటోనో, ఎక్కడో కేరళలో తీసిన వరద వీడియోనో తెచ్చి "ఇప్పుడే, రాజోలు" అని రాస్తే సరిపోతుంది. అందులో ప్రతి దృశ్యమూ నిజమే, రాత మాత్రమే అబద్ధం. దానిలో ఎన్ని వేళ్లు లెక్కపెట్టినా ఐదే ఉంటాయి.

ఒక ఉపాయం చెబుతాను. మీ ముఖంతోనే, మీ అనుమతితోనే, ఒక నకిలీ వీడియో చేసి తరగతిలో చూపించండి. "ఎవరో సినిమా తార" అంటే జనం దూరంగా చూస్తారు. రోజూ గ్రంథాలయం అరుగు మీద కనిపించే మాస్టారు తాను అనని మాట అంటుంటే అది మనసుకు ఎక్కుతుంది. కావాలంటే నేను చేసి పెడతాను.

జవాబు: భీమవరం చెరువుగట్టు

ఇంత శ్రమ ఎందుకండీ. నేను ఏ వీడియోనూ నమ్మను. మా బావమరిది ఒక పెద్ద వ్యాపారవేత్త మాట్లాడుతున్న వీడియో చూసి ఏదో యాప్‌లో డబ్బు పెట్టి పోగొట్టుకున్న రోజు నుంచి ఇంట్లో అందరికీ ఇదే చెప్పాను. అన్నీ అబద్ధమనుకుంటే నష్టం ఉండదు.

లంక మాస్టారు

అయ్యా, మీరు రొయ్యల సాగు చేస్తున్నట్టు పేరునుబట్టి అనుకుంటున్నాను. వంద కౌంటు, అంటే కిలోకు వంద తూగే రొయ్యల ధర ఈ రోజు ఎంతో మీకు ఎక్కడ తెలుస్తుంది? వాట్సాప్‌లోనే కదా. దాన్ని నమ్మే పట్టుబడి ఎప్పుడో నిర్ణయించుకుంటారు. అన్నీ అబద్ధమనుకునే అవకాశం మీకు కూడా లేదేమో. లంకలో ఉండే మాకైతే అసలే లేదు.

భీమవరం చెరువుగట్టు

మీరు అన్నది నిజమే. కాకపోతే ధర అనేది ఎవరు పెట్టారో చూస్తానండీ. పదేళ్లుగా తెలిసిన కొనుగోలుదారుడు పెడితే ఒక లెక్క, కొత్త నంబరు నుంచి వస్తే ఒక లెక్క. ఎక్కువ ధర ఎవరైనా చెబితే ఇంకో ఇద్దరికి ఫోన్ చేసి కనుక్కున్నాకే వల వేయిస్తాను. మెసేజీలో అక్షరాలు ఎలా ఉన్నాయో నేనెప్పుడూ చూడలేదు.

జవాబు: గోదారి ఒడ్డు గ్రంథపాలకుడు

పై మిత్రులు అలవోకగా అన్నమాటను పట్టుకుంటే మాస్టారి సమస్యలో సగం విడిపోతుందని నాకనిపిస్తోంది. నేను రాజమహేంద్రవరంలో ఒక కళాశాల గ్రంథాలయంలో పనిచేస్తాను, విద్యార్థులకు ఇదే విషయం చెప్పవలసి వస్తుంటుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో శామ్ వైన్‌బర్గ్, ఆయన సహచరులు చేసిన పరిశీలనలో, చరిత్ర ఆచార్యులూ విద్యార్థులూ ఒక వెబ్‌సైటు నమ్మదగినదా కాదా తేల్చడానికి దాన్నే పైనుంచి కిందిదాకా చదువుతూ కూర్చుంటే, వృత్తిరీత్యా నిజనిర్ధారణ చేసేవారు మాత్రం క్షణాల్లో దాన్ని వదిలేసి, ఇతరులు దాని గురించి ఏమంటున్నారో వెతకడానికి బయటికి వెళ్లిపోయారట. చెరువుగట్టు గారు వల వేయించేముందు ఇద్దరికి ఫోన్ చేయడం సరిగ్గా అదే పని. మాస్టారు కుర్రాళ్లకు వీడియో లోపలికి చూడమని నేర్పారు. బయటికి చూడమనడం నేర్పాలి: ఎవరు పెట్టారు, మొదట ఎక్కడ పెట్టారు, ఇంకెవరు చెబుతున్నారు.

మీకు జరిగిన అనుభవం కొత్తది కాదని కూడా చెప్పాలి. తప్పుడు సమాచారానికి ముందుగానే టీకా వేసినట్టు జనాన్ని సిద్ధం చేయవచ్చన్న ఆలోచన 1960లలో విలియం మెక్‌గ్వైర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తది. దాని ఆధారంగా 2018లో కేంబ్రిడ్జి పరిశోధకులు ఒక ఆట తయారుచేశారు, నకిలీ వార్తలను తామే పుట్టించడం ద్వారా ఆటగాళ్లు ఆ కిటుకులను తెలుసుకుంటారు. మంచి ప్రయత్నమే. అయితే అటువంటి ఆటల ఫలితాలను తర్వాత మరికొందరు తిరిగి లెక్కవేస్తే, ఆడినవారిలో అబద్ధాన్నీ నిజాన్నీ విడదీసే నేర్పు పెద్దగా పెరగలేదనీ, దేన్నైనా అబద్ధమనే మొగ్గు పెరిగిందనీ తేలింది. తాలు పోవాలని తూర్పారబడుతూ గింజను కూడా గాలికి వదిలేసినట్టు. కాబట్టి మీ తరగతిలో నకిలీలను మాత్రమే చూపించకండి. పది వీడియోలు చూపిస్తే అందులో ఐదారు అసలైనవి ఉండాలి, వాటిలో ఒకటి రెండు మసకగా, మాట తప్పుతూ ఉన్నవి కావాలని ఎంచుకోవాలి. ఎన్ని నకిలీలను పట్టుకున్నారో లెక్కవేసినట్టే ఎన్ని నిజాలను తోసేశారో కూడా లెక్కవేయాలి. మొదటిసారి నేనిలా చేసినప్పుడు మా విద్యార్థులు మొదటి లెక్కలో గర్వంగానే ఉన్నారు, రెండో లెక్క చూసి గదిలో చప్పుడు లేదు.

ఈ అతి అనుమానం వల్ల లాభపడేవారు వేరే ఉన్నారు. న్యాయశాస్త్ర ఆచార్యులు బాబీ చెస్నీ, డానియెల్ సిట్రన్ దీనికి "అబద్ధాలకోరుకు దక్కే లాభం" అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. లంచం తీసుకుంటూ వీడియోలో దొరికిపోయినవాడు సైతం "అది ఏఐ" అని చేతులు దులుపుకోగలడు. అంతా అబద్ధమనుకునే ఊరు వాడికి స్వర్గం.

ఇక వరదల సంగతి. ఇక్కడ మీ శ్రోతలకు నా కంటే, యంత్రం కంటే ఎక్కువ తెలుసు. ఆ తెలివినే తరగతిగా మార్చవచ్చు. ధవళేశ్వరంలో 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. భద్రాచలంలో అవి 43, 48, 53 అడుగులు. అక్కడ పెరిగిన నీరు ఇక్కడికి దిగడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుందని మీ ఊళ్లో పెద్దవారందరికీ తెలుసు. అధికారి వీడియో వచ్చినప్పుడు ఆయన పెదవులను చూడవలసిన అవసరమే లేదు. నిన్న భద్రాచలం ఎంత ఉంది, ఈ ఉదయం ధవళేశ్వరం ఎంత ఉంది, మన రేవులో నీరు ఎన్నో మెట్టు దాకా వచ్చింది అన్న మూడు ప్రశ్నలు చాలు. ఈ మూడూ కలిసి "కదలండి" అంటుంటే వీడియో నకిలీదైనా సరే కదలవలసిందే. బ్యారేజి తెగిందన్న వీడియోకు కూడా ఇదే మందు: బ్యారేజి తెగితే రేవులో మెట్లు చెబుతాయి, ఎగువ ఊరివాళ్లు ఫోన్లు చేస్తారు, వాట్సాప్ ఒక్కటే చెప్పదు.

దీనికి తోడు జూన్‌లో, అంటే గోదావరి పెరగక ముందే, మీ మండల అధికారినో సచివాలయ సిబ్బందినో గ్రంథాలయానికి పిలిచి, హెచ్చరికలు ఏ నంబరు నుంచి, ఏ ఖాతా నుంచి వస్తాయో వారి చేతనే చెప్పించండి. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఖాతాను అందరి ఫోన్లలో అప్పుడే చూపించండి. వరద మీద పడ్డాక ఏది అసలు ఖాతా అని వెతుక్కునే తీరిక ఎవరికీ ఉండదు. 2027లో పుష్కరాలు కూడా వస్తున్నాయి. ఘాట్లలో తొక్కిసలాట అంటూ, గదులు బుక్ చేస్తామంటూ ఎన్ని వస్తాయో చూడండి.

ఎంతకూ తేలని వీడియో ఉంటే పంపడానికి ఒక చోటుంది. మిస్‌ఇన్ఫర్మేషన్ కంబాట్ అలయెన్స్ అనే నిజనిర్ధారణ సంస్థల కూటమి 2024 మార్చిలో డీప్‌ఫేక్‌ల, అంటే ఏఐతో చేసిన నకిలీ వీడియోల విశ్లేషణ కోసం వాట్సాప్ సేవను ప్రారంభించింది. ఇంగ్లీషు, హిందీ, తమిళంతోపాటు తెలుగులోనూ పంపవచ్చు. హైదరాబాద్‌లోని ఫ్యాక్ట్‌లీ కూడా తెలుగులో నిజనిర్ధారణలు రాస్తుంది. జవాబు రావడానికి సమయం పడుతుంది కాబట్టి వరద రాత్రికి ఇవి పనికిరావు, పెట్టుబడి ప్రకటనలకు బాగా పనికొస్తాయి.

మీ తరగతులను ఆపవద్దని నా మనవి. 2018లో కేరళలోని కన్నూరు జిల్లా కలెక్టరు మీర్ మహమ్మద్ అలీ, అంతకుముందు ఏడాది వాట్సాప్ పుకార్ల వల్ల తల్లిదండ్రులు పిల్లలకు తట్టు టీకా వేయించడానికి నిరాకరించడం చూసి, ప్రభుత్వ పాఠశాలల్లో "సత్యమేవ జయతే" పేరుతో ఇలాంటి తరగతులే పెట్టించారు. పిల్లలు ఇంటికెళ్లి పెద్దల ఫార్వర్డులను ప్రశ్నించాలన్నది అక్కడి ఆలోచన. మీ తరగతికి తాతలతోపాటు మనవలను కూడా రమ్మనండి.

జవాబు: సంఘం లీడరు, ముమ్మిడివరం వైపు

మాస్టారు గారికి నమస్కారములు. నేను డ్వాక్రా సంఘంలో లెక్కలు రాస్తాను. పెద్ద చదువుల మాటలు నాకు తెలియవు గాని, మా సంఘంలో జరిగినది ఒకటి రాస్తాను.

మా వైపు ఇంటికొక ఆడబిడ్డ కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇళ్లలో పని చేస్తోంది. మా సభ్యురాలు ఒకావిడకు ఒక మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి వీడియో కాల్ వచ్చింది. కూతురి ముఖం, కూతురి గొంతు. చుట్టూ చీకటిగా ఉంది. "అమ్మా, నన్ను పోలీసులు పట్టుకున్నారు, అరవై వేలు పంపితే వదులుతారంట, నాన్నకు చెప్పకు" అని ఏడుపు. ఆవిడ చూసిందీ నమ్మింది. నకిలీ అన్న ఊహే ఆవిడకు రాలేదు, ఇప్పటికీ "అచ్చం నా కూతురేనమ్మా" అంటుంది. కానీ సంఘం ఖాతాలో నుంచి తీయాలంటే అకౌంటు నంబరు రాసుకోవాలి, చేతిలో కలం లేదు. "పెట్టెయ్యమ్మా, నేనే చేస్తా" అని కాల్ కట్ చేసి, అలవాటు కొద్దీ ఎప్పటిలాగే ఇమో యాప్‌లో కూతురికి చేసింది. ఆ పిల్ల అక్కడ యజమానురాలి వంటింట్లో చికెన్ కడుగుతూ ఫోనెత్తింది.

ఆవిడను కాపాడింది ఏఐ గురించిన జ్ఞానం కాదు మాస్టారూ, తిరిగి ఫోన్ చేసే అలవాటు. అప్పటి నుంచి మా సంఘాల్లో ఒకే నియమం పెట్టుకున్నాం: డబ్బు అడిగినవారు కన్నబిడ్డయినా సరే, ముందు పెట్టేసి, మన దగ్గర ఉన్న పాత నంబరుకు మనమే చేయాలి. "నాన్నకు చెప్పకు", "ఎవరికీ చెప్పకు" అన్న మాట వినిపించగానే ఇంట్లో ఇంకొకరికి చెప్పి తీరాలి. ఇది చదువురానివారికి కూడా ఒక్కసారి చెబితే గుర్తుంటుంది. 2023 జూలైలో కోళికోడ్‌లో ఒక పెద్దాయన ఇలాగే ఒకప్పటి సహోద్యోగి ముఖాన్ని వీడియో కాల్‌లో చూసి నలభై వేలు పంపారట. మళ్లీ డబ్బు అడిగేసరికి అనుమానం వచ్చి, పాత నంబరుకు చేస్తే గాని సంగతి తెలియలేదు. మోసపోయినట్టు తెలిసిన వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి, డబ్బు అవతలి ఖాతా నుంచి జారిపోకముందే ఆపించడానికి వీలుంటుంది. ఆ నంబరును మా సంఘం పుస్తకాల అట్ట మీద రాయించాను.

ఇంకొక సంగతి, మగవారి తరగతుల్లో ఇది రాదు కాబట్టి రాస్తున్నాను. నేను ఈ విషయం ఎత్తగానే తల్లులు అడిగింది "ఎలా గుర్తించాలి" అని కాదు, "మా పిల్ల ఫొటోతో ఎవడైనా చేస్తే ఏం చేయాలి" అని. 2023 నవంబరులో సినీనటి రష్మిక మందన్న ముఖాన్ని మరో యువతి వీడియోకు అతికించారు. ఢిల్లీ పోలీసులు 2024 జనవరిలో నిందితుణ్ణి అరెస్టు చేసింది మన రాష్ట్రంలోనే. అంతటి ఆవిడకే తప్పలేదు. ఇలాంటి వీడియో గ్రూపులోకి వస్తే అది అసలా నకిలీనా అని పరిశోధించడమే ఆ పిల్లకు రెండో అవమానం. "పాపం ఇది నకిలీ, నమ్మకండి" అని ఫార్వర్డ్ చేసేవారు కూడా దాన్ని ఇంకో పదిమందికి చూపిస్తున్నారు. ఎవరికీ పంపకుండా, సాక్ష్యం కోసం వచ్చిన నంబరునూ తేదీనీ స్క్రీన్‌షాట్ తీసి, ఆ పిల్లకూ పెద్దవారికీ చెప్పి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గాని పోలీసు స్టేషన్‌లో గాని ఫిర్యాదు చేయాలి. ఐటీ చట్టంలోని 66ఈ, 67ఏ వంటి సెక్షన్ల కింద ఇలాంటివాటి మీద కేసు పెట్టే వీలుంది. మీ తరగతిలో ఒక ఆదివారం దీనికి కేటాయించండి. వీలైతే ఆ రోజు చెప్పడానికి ఒక ఆడమనిషిని పిలవండి, నేనైనా వస్తాను.

లంక మాస్టారు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మీరు చెప్పిన పద్ధతిలో రెండు తరగతులు జరిపి ఇప్పుడు రాస్తున్నాను.

పాత లక్షణాల పట్టికను బల్ల మీద రాసి, అందరి ఎదుటా నేనే తుడిచేశాను. పది వీడియోలు చూపిస్తే, ఆరు అసలైనవాటిలో నాలుగింటిని ఏఐ అన్నారు. ఆ అధికారి వీడియోను కూడా వాటిలో కలిపాను. ఆ కుర్రాడు అది రాగానే తల దించుకున్నాడు. నేను తప్పు నాదేనని చెప్పాను గాని అతడు సమాధానపడినట్టు లేదు. మర్నాడు ఉదయం రేవుకు వెళ్తే, మెట్ల పక్క గోడ మీద తెల్లరంగుతో గీతలు గీస్తూ కనిపించాడు, ఒక్కో మెట్టుకు ఒక్కో అంకె. నిరుటి వరద ఎక్కడిదాకా వచ్చిందో పంటు నడిపేవారిని అడిగి అక్కడ అడ్డగీత పెట్టాడు. ఇక రోజూ ఆ అంకెను గ్రూపులో పెడతాడట.

తిరిగి ఫోన్ చేసే పద్ధతిని మా పెద్దవారు చాలా తేలికగా అందుకున్నారు. ఒక ముసలమ్మ మాత్రం "తిరిగి చేస్తే వాడే ఎత్తితేనో?" అని అడిగింది. కాల్ వచ్చిన నంబరుకు చేయకూడదు, మన పుస్తకంలో రాసి ఉన్న నంబరుకు చేయాలన్న తేడాను నేను సరిగా చెప్పలేదని అప్పుడే తెలిసింది.

స్టూడియో మిత్రులకు ఒక ఫిర్యాదు కూడా ఉంది. మీరు చేసి పంపిన నా నకిలీ వీడియో, అదే, వచ్చే సోమవారం గ్రంథాలయంలో అందరికీ ఉచితంగా పూతరేకులు పంచుతున్నట్టు నేను ప్రకటించేది, తరగతిలో బ్రహ్మాండంగా పనిచేసింది. నవ్వి నవ్వి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. కానీ ఎవరో దాన్ని ఫోన్‌లో తీసుకుని, కింద మూలన మీరు వేసిన "నకిలీ" అన్న అక్షరాలను కత్తిరించి పక్క ఊరి గ్రూపులో పెట్టారు. సోమవారం ఉదయం పదకొండు మంది పిల్లలు సంచులతో వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఆత్రేయపురం మనిషిని పంపి తెప్పించక తప్పలేదు. ఈసారి ఆ అక్షరాలు కత్తిరించడానికి వీల్లేకుండా ఎలా వేయాలో చెప్పండి.

పాలకొల్లు స్టూడియో

క్షమించండి మాస్టారూ, మూలన వేయడం నా పొరపాటే. ముఖం మీదుగా అడ్డంగా, "తరగతి కోసం చేసిన నకిలీ" అని పెద్ద అక్షరాలతో వేసి, రెండేసి సెకన్లకు ఒకసారి చోటు మారేలా పెడతాను. మధ్యలో మీ గొంతుతోనే "ఇది నేను అన్నమాట కాదు" అని కూడా పలికిద్దాం, తెరను కత్తిరించినా మాట వినబడుతుంది. పాత ఫైలును ఫోన్లలో నుంచి తీసేయించండి. ఆదివారంలోగా కొత్తది పంపిస్తాను. పూతరేకుల ఖర్చులో సగం నాది.